మసి పట్టిన నీళ్ళు

ఉప్పునీటి సరస్సు ఒడ్డునున్న మా హా విన్‌లో ఆడవాళ్ళు పొద్దున్నే బట్టలు నానబెట్టే ముందు పెద్దల గుడి దాకా వెళ్ళి తెరగోడ చూసి వస్తారు. గోడ మీది చేప పైకి తేలి ఉంటే ఎండ కాస్తుంది. అడుగుకి దిగి రాళ్ళ మధ్య నక్కితే వాన తప్పదు. ఆ చేప పొట్టలో ఉన్నవి బాయ్ ముసలాయన అన్నం తిన్న గిన్నె పెంకులు. బతికుండగా ఆయనకి మోకాళ్ళు లాగితే వాన పడేది, ఇప్పుడు చేపకి అదే అలవాటు. రేడియోలో చెప్పే వాతావరణం కన్నా మాకు ఆ మోకాళ్ళ మీదే గురి.

తెరగోడ అంటే గుడి వాకిలికి ఎదురుగా మనిషెత్తున కట్టిన అడ్డుగోడ. దయ్యాలు తిన్నగా తప్ప నడవలేవంటారు, అందుకని ప్రతి గుడికీ ఒకటుంటుంది. తాగి వచ్చే అల్లుళ్ళు మాత్రం దాన్ని చక్కగా చుట్టి లోపలికి వస్తారు. గోడ నిండా పింగాణీ పెంకులూ గాజు పెంకులూ అతికి తామరలు, కొంగలు, పడవలు, నీళ్ళు తీరుస్తారు. మా దగ్గర ఇంట్లో మనిషి పోతే ఆ మనిషి గిన్నె ఇంకొకరు ముట్టుకోరు. గోడ కట్టే రోజున ఇంటివాళ్ళే దాన్ని తెచ్చి, గుడి మెట్టు మీద తమ చేత్తో పగలగొట్టి, పెంకులు అతికే మనిషి దోసిట్లో పోస్తారు. అతికాక కొన్నాళ్ళకి పోయినవాళ్ళు తమ పెంకుల్లో కుదురుకుని, కదిలో వెలిగో పలుకుతారు. ఇచ్చిన పెంకు ఏదీ వదిలెయ్యకూడదు. బజారు పెంకు ఒక్కటి కూడా కలపకూడదు. ఉన్న కట్టుబాట్లు ఈ రెండే, చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చు.

ఇప్పుడున్న గోడ కొత్తది. పాతదాన్ని నాలుగేళ్ళ కిందటి వరద పడగొట్టేసింది. కొత్త గోడ మీద కొంగకి కళ్ళుండవు. నీళ్ళలో ఒకచోట నల్లటి మసి మరక ఉంటుంది. చూడ్డానికి వచ్చే పట్నం వాళ్ళు "అయ్యో, పని సగంలో ఆపేశారే" అంటారు. ఎవరూ ఆపలేదు. అది అలాగే పూర్తయింది.

గోడ కట్టింది తుయెన్, ఖోయ్ గారి కూతురు. ఖోయ్ చేసిన కొంగలు ఈ సరస్సు చుట్టూ పద్నాలుగు గుళ్ళలో ఉన్నాయి. ముసలాయనకి చూపు పోయాక పట్టకారు కూతురి చేతికి వచ్చింది. ఆడది పరంజా ఎక్కడమేమిటని సణిగినవాళ్ళు కూడా ఆమె నీళ్ళు చూశాక నోరు మూసుకున్నారు. నీలం గీతల పళ్ళేల అంచులూ ఆకుపచ్చ సీసాల అడుగులూ ఏరి, పట్టకారుతో గోరంత ముక్కలుగా కొరికి, సున్నంలో బెల్లప్పాకమూ కాగితం గుజ్జూ కలిపిన ముద్దలో ఏటవాలుగా గుచ్చేది. పొద్దెక్కే కొద్దీ ఆ నీళ్ళ మీద వెలుగు జరుగుతూ పోయేది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే "నాకు నీళ్ళున్నాయిగా" అనేది. అప్పటికి ఆమెకి నలభై నాలుగేళ్ళు. తన పని మీద గర్వం కాస్త ఎక్కువే. గర్వం ఉండటంలో తప్పు లేదు, అది ఆమె చేత చేయించిన పని తప్పు.

గిన్నెలు పగలగొట్టే రోజున, గుడి ఎవరిదో ఆ దోవాన్ వంశం వాళ్ళంతా వచ్చారు. మంత్రసాని టీ కప్పు వచ్చింది, బాయ్ ముసలాయన గిన్నె వచ్చింది, కవల పిల్లల చిన్న గిన్నెలు రెండు వచ్చాయి. వంశానికి పెద్ద హ్వాంగ్ గారు. ఆయన తన తమ్ముడు సియూ గిన్నెని స్వయంగా పగలగొట్టి, "దీన్ని కొంగలో పెట్టమ్మా, మావాడికి మెడ పొడుగు" అన్నాడు. అందరూ నవ్వారు.

అందరూ వెళ్ళిపోయాక న్యాన్ వచ్చింది.

న్యాన్ రేవు పక్కన గుడిసెలో ఉంటుంది. బురదలో గుల్లలు ఏరి, ఉడకబెట్టి అమ్ముకుంటుంది. పెళ్ళి కాకుండానే కొడుకుని కన్నది. ఆ కొడుకు దామ్. వాడు సియూ కొడుకని ఊరందరికీ తెలుసు, ఒక్క సియూకి తప్ప. బతికినన్నాళ్ళూ ఆ మహానుభావుడు న్యాన్ గుడిసె ముందు నుంచి మెడ అటు తిప్పుకునే నడిచాడు. వంశావళి పుస్తకంలో దామ్ పేరు లేదు. కానీ సాయంత్రమైతే, చేపలు పట్టడానికి సరస్సులో పాతిన దడుల మధ్య దారి తప్పకుండా ఈ వంశం పడవలన్నీ ఇంటికి వచ్చింది వాడి లాంతరు చూసే. అందరికన్నా వెనక వచ్చేవాడు వాడే. దడుల సందు దగ్గర పడవ నిలిపి, ముక్కుకి లాంతరు తగిలించి, ఆఖరి పడవ దాటేదాకా ఉండేవాడు. ఒకనాటి గాలివానలో పడవ ఒక్కటే తిరిగి వచ్చింది. లాంతరు వెలుగుతూనే ఉంది, మనిషి లేడు.

"అమ్మాయ్ తుయెన్, ఇది పనికొస్తుందేమో చూడు" అంటూ న్యాన్ తువ్వాలు విప్పింది. అందులో లాంతరు చిమ్నీ. సగం దాకా మసి పట్టి ఉంది.

"గిన్నె లేదా అత్తా?"

"వాడు తిన్నది సత్తు గిన్నెలో. దాన్ని మెట్టుకేసి కొడితే మెట్టే పగులుతుంది" అని నవ్వింది న్యాన్. "వాడి చెయ్యి పడ్డ గాజు ఇదొక్కటే. ఆ రోజు నేనే ఊది ఆర్పాను. తర్వాత మసి తుడవబుద్ధి కాలేదు."

"ఎక్కడ పెట్టమంటావు?"

"మంచి చోటు అడగనులే. నీళ్ళలో ఏ మూలైనా సరే. నీళ్ళు వాడికి అలవాటేగా."

"మూలెందుకు, గోడ మీది పడవ ముందే పెడతాను" అంది తుయెన్. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.

న్యాన్ చిమ్నీని మెట్టు మీద తట్టింది. పలుచటి గాజు, పెద్ద చప్పుడు కూడా కాలేదు. ఏడు పెంకులయింది. ఏడూ తుయెన్ దోసిట్లో పోసి, చేతులు తుడుచుకుంటూ అంది: "మా చెల్లెలి కూతురు డాక్ లాక్ కొండల్లో కాఫీ తోటకి వచ్చెయ్యమని ఒకటే పోరు. అక్కడ ఒక్క చుక్క ఉప్పునీళ్ళు ఉండవట. వీడు గోడ మీద కుదురుకుని ఒక్కసారి పలికాడా, నేనిక్కడి నుంచి కదలను. పలక్కపోతే మాత్రం పెద్దల తద్దినం రోజు మధ్యాహ్నం బస్సెక్కేస్తా. నన్ను తెలియనట్టు ఉండే ఊళ్ళో ఇప్పటికే చాలా ఏళ్ళున్నాను."

ఆ సాయంత్రం హ్వాంగ్ గారు చేతికర్ర తాటించుకుంటూ పరంజా కిందికి వచ్చాడు. "న్యాన్ ఏదో తెచ్చినట్టుందే."

"లాంతరు చిమ్నీ, పెదనాన్నా."

"ఊఁ. మంచి కుర్రాడు, పాపం. పుస్తకంలో పేరు లేదు, అంతే." ఆయన గడ్డం నిమురుకున్నాడు. "నేను పెట్టొద్దనను. పెట్టమనీ అనను. నీకు తెలియనిదేముందమ్మా."

పాము చావకుండా కర్ర విరక్కుండా మాట్లాడటంలో మా పెద్దవాళ్ళు ఆరితేరినవాళ్ళు. జరిగినదంతా హ్వాంగ్ గారి మీదికి నెట్టెయ్యాలంటే తుయెన్‌కి ఈ మాట చాలు. కానీ నెట్టలేదు. ఎందుకంటే వారం తిరిగి గోడ మీద పడవా నీళ్ళూ తయారయ్యాక ఒక పొద్దున జరిగింది ఆమెకి తెలుసు. ఏడు పెంకులూ పడవ ముందు ఊరికే ఆనించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. అప్పటిదాకా తళతళలాడుతున్న నీళ్ళు అక్కడ మురుక్కాలవలా కనిపించాయి. ఇంత మంచి నీళ్ళు తను ఇంతకు ముందెప్పుడూ చెయ్యలేదు. హ్వే పట్నం నుంచి కూడా జనం చూడ్డానికి వస్తారు. వాళ్ళ కళ్ళు ముందు ఈ మసి మీదే పడతాయి. పెంకులు తీసి బిస్కెట్ల డబ్బాలో వేసి, డబ్బాని పనిముట్ల సంచిలో పెట్టుకుంది. తర్వాత ఎక్కడో ఒకచోట పెడదాంలే అనుకుంది. ఆ మధ్యాహ్నమే పట్నం వెళ్ళి, పాత సామాన్ల బజారులో ఒక కిటికీ అద్దం కొనుక్కొచ్చి, కొరికి, పడవ ముందు గుచ్చింది. నీళ్ళు మళ్ళీ తళతళలాడాయి.

మర్నాడు న్యాన్ ఆకుటోపీ గడ్డం కింద ముడేసుకుంటూ వచ్చింది. "ఏడమ్మా మావాడు?"

తుయెన్ పరంజా మీద నుంచి వేలు చూపించింది. వేలు చూపించడానికి ఎంతసేపు పడుతుంది? అదే వేలిని ఆమె ఇప్పటికీ నలుగురిలో మడుచుకుని కూర్చుంటుంది.

న్యాన్ దగ్గరికెళ్ళి తడిమింది. "మసి ఏది?"

"కడిగాను అత్తా. మసి ఉంటే సున్నం పట్టదు."

"అలాగా" అని న్యాన్ కాసేపు చూసింది. "బాగున్నాడు. తెల్లగా అయ్యాడు."

ఆ మాటకి తుయెన్‌కి తల కొట్టేసినట్టయింది. అప్పుడే దిగి చెప్పేసి ఉండాల్సింది. తడి సున్నం, పది నిమిషాల పని. కానీ దిగలేదు. ఒక అబద్ధం చెప్పాక రెండోది దానంతట అదే వచ్చింది, ఇక నిజానికి నోరు పెగల్లేదు.

అప్పటి నుంచి న్యాన్ రోజూ వచ్చేది. గుల్లల గంప దించి, గోడ ముందు గొంతుక్కూర్చుని, ఆ కిటికీ అద్దంతో మాట్లాడేది. మొదటి రోజు, పంపర పనస చెట్టు మూడు పూలు పూసిందని చెప్పింది. రెండో రోజు, నీ పడవని జాలరి కాత్‌కి ఇచ్చేశానని, వాడు దాన్ని సరిగ్గా చూసుకోవడం లేదని చెప్పింది. నాలుగో రోజు ఎవరో చచ్చిన కుక్కని రేవులో పడేశారని తిట్టింది. ఆమె పైకి చూసేది కాదు. పైన తుయెన్ తామర రేకులు అతుకుతూ ప్రతి మాటా వినేది. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

ఈలోగా గోడ మీద మిగతావాళ్ళందరూ ఒక్కొక్కరే కుదురుకున్నారు. మంత్రసాని కప్పుతో చేసిన తామర కాత్ పెళ్ళానికి నొప్పులు మొదలైన పొద్దున విచ్చుకుంది. కవలలు తూనీగలై ఒకదాన్నొకటి తరుముకున్నాయి. కొంగతోనే తుయెన్‌కి తిప్పలొచ్చాయి. మెడ నీళ్ళ వైపు వంచి అతికితే, తెల్లారేసరికి అది మెడ అటు తిప్పుకుని ఉండేది. మూడుసార్లు ఊడదీసి అతికింది. మూడుసార్లూ అంతే. "వదిలెయ్యమ్మా, మా సియూ అలవాటది" అన్నాడు హ్వాంగ్ గారు.

కిటికీ అద్దం మాత్రం కిటికీ అద్దంలాగే ఉంది.

"పలకడేమే వీడు?" అని దారిన పోయే ఆడవాళ్ళు అడిగితే న్యాన్ వాడినే వెనకేసుకొచ్చేది. "వాడు పొద్దున్నే లేచే రకమా? సాయంత్రం మనిషి వాడు." మళ్ళీ సాయంత్రం వచ్చి చూసేది. సాయంత్రం కూడా ఏమీ ఉండేది కాదు.

తొమ్మిదో రోజున న్యాన్ గంప దించలేదు. నిలబడే మాట్లాడింది, గొంతు బాగా తగ్గించి. "ఆ రోజు పడవెక్కే ముందు నాన్న పేరు చెప్పమన్నావు. పాతికేళ్ళొచ్చాక అడిగావు, అదే మొదటిసారి. నాకు ఒళ్ళు మండింది. నీకు నాన్నెవడూ లేడు, ఆ ఉప్పునీళ్ళే నీకు నాన్న, పోయి వాటినే అడగమన్నాను. ఆ మాట అన్నది నేనే. తప్పయిపోయింది నాన్నా. నన్ను క్షమించు."

తుయెన్ పట్టకారు కింద పెట్టేసింది. ఒక తల్లి ప్రాణం ఉగ్గబట్టుకుని చెప్పుకున్న మాటని తను బజారులో కొన్న అద్దానికి వినిపించింది. ఆ రోజు ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

అన్నం తినకపోతే పోయింది, సాయంత్రమయ్యేసరికి ఇంట్లో ఇంకో బాధ మొదలైంది. పొద్దు గూకే వేళకి పనిముట్ల సంచిలో బిస్కెట్ల డబ్బా వెలిగేది. డబ్బా మూత సందుల్లోంచి, సంచి నేతలోంచి పసుపు మీద కాస్త ఎరుపు కలిసిన వెలుగు వచ్చి వంటింటి గోడ మీద పడేది. బియ్యం కుండలో దాచి చూసింది, బియ్యం వెలిగాయి. దాని మీద బాన బోర్లించి చూసింది, బాన చుట్టూ నేల వెలిగింది. చివరికి దుప్పటి కప్పి దాని మీద తనే కూర్చునేది. చాటుగా చేసిన పని ఇంటిల్లిపాదికీ దీపం పెట్టినట్టు కనపడుతుంటే ఆమెకి ఎక్కడ దాక్కోవాలో తెలిసేది కాదు. చూసేవాళ్ళు గుడ్డి తండ్రి ఒక్కడే కావడం కూడా ఊరట అనిపించలేదు.

ఒక సాయంత్రం దబ్బుమని చప్పుడైంది. బాతులు గోలపెట్టాయి. తుయెన్ పరుగెత్తి చూస్తే, కాత్ పడవ వెనకవైపు బాతుల దడిని తోసుకుని పెరట్లోకి వచ్చేసింది. కాత్ బురదలో నిలబడి తల గోక్కుంటున్నాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు? నా బాతులే దొరికాయా?"

"నన్ను తిడతావేం అక్కా? దామ్ లాంతరు కనపడితే అటే తోలుకొచ్చా. నలుగురం వచ్చాం, మిగతా ముగ్గురూ దడుల్లో ఇరుక్కుని నన్ను తిడుతున్నారు." కాత్ వంటింటి కిటికీ వైపు చూశాడు. "అది వాడి వెలుగే. నీ దగ్గరెందుకుంది?"

"అది... ఛార్జింగ్ లైటు. కొత్తది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె పైట సర్దుకుంటూ కిటికీకి అడ్డంగా నిలబడింది. కాత్ ఆమెని చూశాడు, వెలుగుని చూశాడు. "ఛార్జింగ్ లైటే అయితే ఆర్పెయ్ అక్కా. ప్రాణాల మీదికొస్తుంది" అని పడవ వెనక్కి లాక్కున్నాడు. రెండు బాతులకి కాళ్ళు విరిగాయి.

ఇరవయ్యో రోజున ఖోయ్ గోడ చూస్తానన్నాడు. చూడటమంటే వేళ్ళతో. కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలాయన తామరల్ని తడిమి తలూపాడు, కొంగ మెడ తడిమి "సియూనా? వాడంతే" అన్నాడు. నీళ్ళ మీద అరచెయ్యి పెట్టి, నెమ్మదిగా జరుపుతూ, పడవ ముందు ఆగిపోయాడు.

"నీళ్ళు బాగా కుదిరాయే" అన్నాడు.

"అవును నాన్నా."

"ఇక్కడ మాత్రం ఎవరూ లేరు."

ముసలాయన చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. "నన్ను ఏం చెయ్యాలని అడక్కు. పెంకు నీ దోసిట్లో పోసింది, నా దోసిట్లో కాదు." ఇంటికెళ్ళే దారంతా ఆయన కూతురి భుజం పట్టుకోకుండా కర్ర తడుముకుంటూనే నడిచాడు.

అప్పటి నుంచి తుయెన్ డబ్బా సంచిలో వేసుకుని, రోజూ పొద్దున ఇవాళ చెప్పేస్తాననుకునే వచ్చేది. న్యాన్ ఎదురుగా కనపడగానే ఇన్ని రోజులు గడిచాక ఏ మొహంతో చెప్పాలో తెలిసేది కాదు. రోజు గడిచే కొద్దీ ఆ మొహం ఇంకా చెల్లకుండా పోయింది. అలా ఇరవయ్యారు రోజులయ్యాయి.

తద్దినం రోజు వచ్చింది. దోవాన్ వాళ్ళంతా నల్ల తలపాగాలు, పొడుగు అంగీలు వేసుకుని గుడి ముంగిట నిండిపోయారు. లోపల జిగురన్నం, పంది మాంసం, ఉడికించిన కోళ్ళు, అగరొత్తుల పొగ. గోడ పనిలో ఒక్కటే మిగిలింది, కొంగకి కళ్ళు పెట్టడం. అది పనితనం తెలిసినవాళ్ళు అందరి ముందూ చెయ్యాలి. హ్వాంగ్ గారు తమ్ముడి సీసాలోంచి కొరికిన రెండు నల్ల గాజు చుక్కల్ని తమలపాకులో పెట్టి తుయెన్ చేతికిచ్చాడు. "మీ నాన్నని మించావమ్మా" అన్నాడు, అందరికీ వినపడేలా.

పిల్లలు గలగలమంటున్నారు. తుయెన్ గోడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ, గోడ అవతలి కొసన, చంకలో మూటతో న్యాన్ నిలబడి ఉంది. గుడి లోపలికి రమ్మని ఆమెని ఎవరూ పిలవరు, ఆమె కూడా రాదు. వంగి పడవ ముందు అద్దానికి బొటనవేలు ఆనించి మాట్లాడుతోంది.

"వెళ్ళొస్తా నాన్నా. నీకు కోపం తగ్గలేదని తెలిసింది. తగ్గకపోయినా ఫర్వాలేదు. నీవాళ్ళ మధ్య ఉన్నావు, అంతే చాలు. నేను గోడ ముందు కూర్చుని నలుగురిలో నీ పరువు తియ్యడం ఎందుకు? ఇక రాను." మూట భుజానికెత్తుకుంది.

తమలపాకు తుయెన్ చేతిలోంచి జారిపోయింది. నల్ల చుక్కలు రెండూ ఇసుకలో పడ్డాయి. ఆమె సంచిలోంచి ఉలి తీసింది, సుత్తి తీసింది, ఇన్నాళ్ళ తన పనిలోకెల్లా మంచి నీళ్ళ మీద ఉలి పెట్టి కొట్టింది.

"ఏయ్! ఏంటిది? పిచ్చి పట్టిందా నీకు?" హ్వాంగ్ గారి గొంతు చీలింది.

"ఇది దామ్ కాదు" అంది తుయెన్. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. రెండోసారి అరిచింది. "ఇది దామ్ కాదు! బజారు అద్దం. నేనే కొన్నాను. న్యాన్ అత్త ఇచ్చిన పెంకులు మసిగా ఉన్నాయని, నా నీళ్ళు పాడవుతాయని దాచేశాను. పెదనాన్న చెయ్యమనలేదు. నేనే చేశాను."

ముంగిట్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అంత మంది చూపులు ఒక్కసారి మీద పడితే ఎలా ఉంటుందో తుయెన్ ఇరవయ్యారు రోజులుగా ఊహించుకుంటూనే ఉంది. ఊహ కన్నా అది కష్టంగానే ఉంది. చెవులు కాలిపోతున్నాయి. తండ్రి ఉన్న వైపు కూడా చూడలేకపోయింది. తల వంచుకునే అద్దం ముక్కల్ని ఒక్కొక్కటే ఊడదీసింది, గుంట తడిపింది, కొత్త ముద్ద అద్దింది. బిస్కెట్ల డబ్బా మూత తీసింది. ఏడు పెంకులూ, మసితో సహా, తుడవకుండా, వరసగా పడవ ముందు గుచ్చింది. తళతళలాడే నీళ్ళ మధ్య అవి అనుకున్నంత వికారంగానే కనిపించాయి.

అప్పుడు కొంగ మెడ తిప్పింది.

అటు తిరిగి ఉన్న మెడ, మూడుసార్లు అతికినా వంగని మెడ, పెంకు పెంకూ కదులుతూ ఇటు తిరిగింది. నీళ్ళ మీదికి వంగింది. కళ్ళు లేని తలని మసి పెంకుల దగ్గరగా, ముక్కు ఆనేంత దగ్గరగా తెచ్చి, అలా ఆగిపోయింది.

హ్వాంగ్ గారు చాలాసేపు తమ్ముణ్ణి చూశాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, "పుస్తకం తీసుకురండి. సిరా కూడా" అన్నాడు. వంశావళి పుస్తకం ముంగిట్లోకే తెచ్చారు. సియూ పేరు కింద ఖాళీ చాలానే ఉంది. దామ్ అని రాశాడు. పక్కన తల్లి పేరు రాసేటప్పుడు ఆయన పెన్ను ఆపి న్యాన్ వైపు చూడబోయాడు. చూడలేక మళ్ళీ పుస్తకంలోకే వంగి రాశాడు.

ఎవరో ఇసుకలోంచి నల్ల చుక్కలు ఏరి తెచ్చారు. హ్వాంగ్ గారు వాటిని న్యాన్ ముందుకి చాచాడు. "నువ్వు పెట్టమ్మా, కళ్ళు."

"నేనా?" న్యాన్ కొంగని ఎగాదిగా చూసింది. "కళ్ళున్నన్నాళ్ళూ చూడలేదు. లేకపోయాకే చూశాడు. అలాగే ఉండనివ్వండి."

అందుకే మా కొంగకి కళ్ళుండవు.

జనం లోపల భోజనాలకి వెళ్ళారు. ఆకలి ఎవరినీ ఆగనివ్వదు. గోడ దగ్గర తుయెన్, న్యాన్ మిగిలారు. తుయెన్ ఉలి, సుత్తి సంచిలో పెట్టుకుంటూ, ముందు ఏదో ఒకటి అనమని, తిట్టమని, కొట్టమని మనసులో వేడుకుంటోంది. న్యాన్ తిట్టలేదు.

"అయితే ఇన్నాళ్ళూ నేను మాట్లాడింది ఎవరితో?"

"కిటికీ అద్దంతో, అత్తా."

"ఓహో." న్యాన్ మూట కింద పెట్టింది. "అంటే వీడికి ఒక్క ముక్క కూడా వినపడలేదన్నమాట."

"లేదత్తా."

న్యాన్ గోడ ముందు గొంతుక్కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గొంతు సవరించుకుంది. మొదటి నుంచీ మొదలుపెట్టింది. పంపర పనస చెట్టు మూడు పూలు పూసిందిరా. పడవని కాత్‌కి ఇచ్చేశాను, వాడు సరిగ్గా చూసుకోవడం లేదు. మధ్యలో ఆగింది. "తర్వాతేంటి? మూడో రోజు?"

"చెప్పుల జత తెగిందన్నావు" అంది తుయెన్, తల ఎత్తకుండా. "నాలుగో రోజు కుక్క."

"ఆఁ, కుక్క." న్యాన్ మళ్ళీ కుక్కని పడేసినవాళ్ళని తిట్టింది, అంతే కోపంతో. అయిదు, ఆరు. గుర్తురానప్పుడల్లా తుయెన్ అందించింది. ఒక్క మాటా ఆమెకి పోలేదు. మంచి మాటలు మర్చిపోవచ్చు గాని, సిగ్గుపడుతూ విన్నవి ఎక్కడికి పోతాయి? ఎనిమిదో రోజున వదినగారి కూతురి పెళ్ళి సంబంధం గురించి చెప్పి, న్యాన్ ఊపిరి తీసుకుని "ఇంక పదో రోజు..." అంది.

"తొమ్మిదో రోజు వదిలేశావత్తా."

"తొమ్మిదో రోజు ఏం చెప్పాను?"

తుయెన్‌కి చెప్పాలని లేదు. చెప్పకుండా ఉండే హక్కూ లేదు. "పడవెక్కే ముందు నాన్న పేరు అడిగితే ఉప్పునీళ్ళే నీకు నాన్న అన్నానని చెప్పావు. తర్వాత... తర్వాత 'తప్పయిపోయింది, నన్ను క్షమించు' అన్నావు."

న్యాన్ ఆమె వైపు తిరిగింది. ఇరవయ్యారు రోజుల్లో మొదటిసారి ఇద్దరి చూపులూ కలిశాయి. తుయెన్ చూపు దించుకోబోయి ఆగింది. న్యాన్ మళ్ళీ గోడ వైపు తిరిగింది.

"నీ గొంతు పీలగా ఉంది. వాడికి వినపడదు. ఇంకోసారి చెప్పు."

"తప్పయిపోయింది" అంది తుయెన్, గోడ వైపు తిరిగి, గట్టిగా. "నన్ను క్షమించు."

లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఊరి చివర మధ్యాహ్నం బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఇంకా ఎండ నడినెత్తినే ఉంది. పొద్దు గూకడానికి బోలెడంత టైముంది, అయినా పడవ ముందు మసి పెంకులు వెలిగాయి.